ఇంకో బ్రౌజర్‌ల తెరిచి సూడు

మరాఠీ నేల మీద తెలుగువాళ్ళ పేట అయిన నీలం నగర్ సందులో బీడీ కార్మికుల సంఘం ఆఫీసు; సాయంత్రం అయిదుంబావు. ఊరవతల కట్టిన కొత్త కాలనీలో ఇంటి దరఖాస్తు ఆరింటితో బంద్. పాత కంప్యూటర్ ముందు మయూరి, పక్కన స్టూలు మీద బీడీలు చుట్టే ఆమె తల్లి యమునాబాయి, వాళ్ళ వెనక కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ సంఘం పెద్ద రామచంద్రం.

“మళ్ల నొక్కు.”

“నొక్కుతనే ఉన్న కాకా. తెరుచుకుంటలేదు.”

“ఏది తెరుచుకుంటలేదు? పేజీ ఒచ్చింది గద!”

“పేజీ ఒచ్చింది. పేరు నింపిన, బీడీ కార్డు నంబర్ నింపిన, అమ్మ ఫొటో ఎక్కింది. గీడ సూడు, భర్త వివరం అని ఉన్నది. దాని మీద నొక్కితె కిందికి లిస్టు పడాలె. పడ్తలేదు. అండ్ల ఏదో ఒకటి ఎంచకపోతె కింది బటను పని చెయ్యదు.”

“అయితె ఇడిసిపెట్టు బిడ్డా. ఇంటికి పోదాం.”

“అమ్మా, నువ్వాగు.”

“ఆగు యమునా, నడుమ మాట్లాడకు. లౌకర్ చెయ్యి మయూరీ, ముప్పావుగంటనే ఉన్నది. కాయితం దరఖాస్తులున్నప్పుడు కిటికి కాడ నిలవడి కొట్లాడెటోళ్లం. లోపలోడు మొఖం దాసుకున్నా తిట్లు ఇనవడేటియి. ఇప్పుడు ఎవన్ని తిట్టాలె? గీ డబ్బానా?”

“హెల్ప్‌లైన్‌కు చేసినవు గద కాకా, ఏమన్నరు?”

“పాట పెట్టిండ్రు. ఇరవై నిమిషాలు పాట ఇన్న. పాట అయిపోంగనే మిషిన్ల పోరి ‘దుస్రా బ్రౌజర్ వాపరా’ అన్నది, కట్ చేసింది. వేరే బ్రౌజర్ వాడాల్నట. నేనేమన్న బ్రౌజర్ల దుకాణం పెట్టిన్నా?”

“ఆమె చెప్పింది బరోబరే. మీ దాంట్ల ఉన్నది పాతది. ఎన్నేండ్ల సందో అప్‌డేట్ లేదు.”

“బ్రౌజర్ అంటె ఏంది బిడ్డా?”

“నెట్టు సూసే కిటికి అనుకో అమ్మా. ఒక కిటికిల కనవడంది ఇంకో కిటికిల కనవడ్తది.”

“నీ ఫోన్ల సూడరాదు మరి?”

“ఫోన్ల ఉత్త తెల్లగొస్తది కాకా. రాసిందే ఉండదు. పొద్దుగాల సంది కొడ్తున్న. కుకీలు తీసేసిన, ఫోన్ బంద్ చేసి మళ్ల చాలూ చేసిన…”

“కుకీలంటె బిస్కిట్లు గాదా?”

“అవి వేరే కాకా.”

“బిస్కిట్లే అయ్యుంటయ్. కూసోని తింటుండ్రు కొడుకులు.”

“పోనియ్యిండ్రి అన్నా. ఛాట్ ఏసిండ్రనుకుందాం. మా బ్రాంచిల చెకింగు మాస్టరు మంచి బీడీలు గూడ ఛాట్, పనికిరావు అని పక్కకు పారేస్తడు. ఎందుకని అడిగితె చెప్పడు. మనకు అలవాటే గద.”

“అలవాటా? నెలాఖరుకు ఇంటి సేటు మన కిరాయి అర్రల సాంచాలు, గా కరెంటు మగ్గాలు, ఏస్తనన్నడు. సాంచాల నడుమ పండుకుంటవా? బోళ్లు ఏడ పెడ్తవ్ అమ్మా?”

“హోట్గి రోడ్డుకు మీ మామ ఇంట్ల…”

“మామ ఇంట్ల నాలుగు దినాలకే అత్త మొఖం ఎట్ల పెట్టిందో మర్సినవా? కుంభారి దిక్కు నీతోటి చుట్టెటోళ్లంత సొంత ఇండ్లల్ల పడ్డరు. నీకే లేదు. ఈ దరఖాస్తు తెరిచి పదిహేను దినాలు. రోజూ అడిగిన, రోజూ రేపన్నవు. ఆకు తడపలేదు, దారం అయిపోయింది, నడుము నొస్తుంది. ఇయ్యాల కాకా ఇంటికొచ్చి గుంజుకొస్తె ఒచ్చినవ్.”

“కొట్లాట ఇంటికాడ పెట్టుకోండ్రి. ఇంకో తొవ్వ లేదా?”

“కొత్త బ్రౌజర్ దించుతున్న. అయ్యో… మీ కంప్యూటర్ పాతది, ఇది నడువదు అంటుంది.”

“నడువదా? నడువకేంది? దీని మీదనే మోర్చా కాయితాలన్ని టైపు కొట్టినం.”

“ఆగు కాకా, ఇంకోటున్నది, జర చిన్నది. ఇది తీసుకుంటుంది. పది శాతం… ఇరవై…”

“అండ్ల గూడ పడకపోతె?”

“పడ్తదమ్మా. ఎందుకు పడదు?”

“ఊకె అడిగిన.”

“ముప్పై ఒకటి కాడ ఆగింది.”

“ఏది, ఆ వైరు జరంత మెదిపి సూస్త.”

“వద్దు కాకా! ముట్టకు! ఉన్నది గూడ పోతది.”

“కరెంటు పోతదేమో.”

“నీ నోట్లకెల్లి ఒక్క మంచి మాట రాదా అమ్మా?”

“యమునా, ఒకటడుగుత. ఇల్లు నీ పేరు మీద ఒద్దా?”

“ఒద్దని ఎవలన్నరన్నా? ముప్పై ఏండ్లు చుట్టిన. ఆ కార్డు మీద ఇల్లొస్తె నాకు ఒద్దా?”

“మరి మొఖం గట్లెందుకు పెట్టినవ్?”

“నా మొఖమే గంత.”

“కదిలింది! అరవై… ఎనభై… అయింది కాకా, దిగింది. ఆగుండ్రి, మళ్ల మొదటి సంది నింపాలె. పేరు… కార్డు నంబర్… ఫొటో… ఎక్కు, ఎక్కు… ఎక్కింది. పడ్డది! లిస్టు పడ్డది!”

“సదువు, సదువు!”

“మరాఠీల ఉన్నది. ‘జీవిత్’, అంటె మొగుడు బతికున్నడు. ‘మయత్’, చచ్చిపోయిండు. మూడోది ‘పరిత్యక్తా’.”

“అంటె?”

“మొగుడు ఇడిసిపెట్టిపోయిన ఆడది. మనది గిదే. పెట్టేస్తున్న.”

“ఆగు.”

“ఏందమ్మా?”

“ఇంకేం లేదా అండ్ల?”

“ఇంకేముంటది? మూడే.”

“కిందికి జరుపు.”

“జరిపిన. లేదు.”

“మొదటిది పెట్టు. మనిషి బతికే ఉన్నడు గద.”

“బతికున్నడంటె ఆయన ఆధార్ అడుగుతది, సంతకం అడుగుతది. ఏడ దొర్కవట్టి తెస్తవ్? మనల ఇడిసిపెట్టి పోయి పదిహేడేండ్లాయె. నేను బతికిన్నో సచ్చిన్నో అడుగనోడు. గసొంటోని కాళ్లు మొక్కాల్నా నేను, ఆధార్ ఇయ్యి నాయినా అని?”

“మీ నాయినను అట్ల అనకు.”

“ఇన్నేండ్లు లేని ముద్దు ఇయ్యాల ఎందుకమ్మా? బడిల పేరెక్కిచ్చినప్పుడు పంతులమ్మకు ఎవలు చెప్పిండ్రు, ఈ పిల్లను తండ్రి ఇడిసిపోయిండని? నువ్వే గద?”

“యమునా… అయిదు నలభై అయింది. సర్కారు ఒక మాట అడిగింది, మనం ఒక మాట పారేస్తం. కాయితం మీది మాట గంతే. ముందు ఇల్లు రానియ్యి.”

“పారేసుడేంది కాకా? ఉన్నదే రాస్తున్నం గద.”

“ఆఁ… ఉన్నదే. కానీ, కానీ.”

“పెట్టిన. కింద ఒట్టు గూడ రాసుంది. ‘నా భర్త నన్ను విడిచి వెళ్లినాడు, నేను పిలిచినా తిరిగి రాలేదు, ఇది సత్యం.’ టిక్కు పెట్టిన. ఇగ నీ ఫోన్‌కు ఓటీపీ ఒస్తది అమ్మా. ఆరు అంకెలు. అవి చెప్తె అయిపోతది. ఇగో, మోగింది అమ్మా. నీ సంచిలనే మోగింది.”

“ఇంకో బ్రౌజర్‌ల తెరువు.”

“ఏంది?”

“ఒక దాంట్ల కనవడంది ఇంకో దాంట్ల కనవడ్తదని నువ్వే గద అన్నవు. ఇంకోటి దించు. ఇంకో మాట ఉంటదేమో సూడు.”

“ఏ బ్రౌజర్‌ల తెరిచినా గవే మూడు మాటలుంటయ్ అమ్మా! రాసినోడు ఒక్కడే! నీకేం మాట గావాలె?”

“నాకు సరిపొయ్యేటిది.”

“గది వాని తలకాయల ఉంటె గద లిస్టుల ఉండేది! ఆడది ఇట్ల గూడ చేస్తదని వానికి పుట్టినసంది తెల్వది. అంకెలు ఇయ్యి యమునా. దండం పెడ్త.”

“ఎట్ల చేస్తది కాకా? అమ్మ ఏం చేసింది?”

“ఏం లేదు బిడ్డా. టైం సూడు, పన్నెండు నిమిషాలే ఉన్నది.”

“అమ్మా, కాకా ఏమంటుండు? ఫోన్ ఇటియ్యి. నేనే సూస్కుంట.”

“ముట్టకు.”

“అమ్మా, ఆ అంకెలు అయిదు నిమిషాలే ఉంటయ్! మళ్ల రావాల్నంటె మళ్ల మొదటి సంది నింపాలె! ఏందమ్మా నీ మొండితనం? ఇల్లమ్మా! ఇల్లు పోతది!”

“పోతదని నాకెరుకలేదా? పదిహేను దినాల సంది కండ్ల మీద కునుకు లేదు. నోటితోని ఎన్నిమాట్లన్న చెప్పిన. పంతులమ్మకు చెప్పిన, మీ మామకు చెప్పిన, నీకు చెప్పిన. నీ చేత్తోని ఒట్టు ఎట్ల పెట్టియ్యాలె నేను?”

“ఉన్నదానికి ఒట్టు పెడ్తె ఏమైతది?”

“యమునా, ఇయ్యాల గాదు. ఆరు దాటినంక చెప్పుకో.”

“ఆరు దాటితె ఇగ నేను చెప్పనన్నా. నాకు తెలుసు. మయూరీ… భీవండిల సాంచాల మీద పని దొరికింది, నడువుమన్నడు మీ నాయిన. నా కార్డు ఈడున్నది, నేను రానన్న. పోతె మళ్ల ఈ గడప తొక్కకు అని గూడ నేనే అన్న.”

“పోయిండు గద మరి? మళ్ల రాలేదు గద?”

“ఒచ్చిండు బిడ్డా. నీకు ఆరేండ్లప్పుడు రెండుసార్లొచ్చి తలుపు కొట్టిండు, పిల్లను సూస్తనని. ‘ఎవలమ్మా’ అని లోపలికెల్లి నువ్వడిగినవు… కరెంటు మీటరు సూసెటోడు అన్న.”