పెండింగులో ఉన్న గిటారు

ఢిల్లీలో ఓ కేంద్ర ప్రభుత్వ ఆఫీసు, 2008, సోమవారం పొద్దున. అండర్ సెక్రటరీ పద్మనాభం గారి గది బయట వరండాలో స్టెనో ఉమారాణి, గుమాస్తా భరద్వాజ్.

“ఆగు ఆగు, అలాగే లోపలికి పోతావా? చెవి వెనక నీలం రంగు అలాగే ఉంది.”

“ఏ చెవి?”

“ఎడమ. ఇదిగో రుమాలు. నిన్న సాయంత్రం ఎక్కడ వాయించావేంటి?”

“ధౌలా కువాన్‌లో, కాలేజీ ఫెస్టు. మెల్లిగా ఉమారాణి గారూ, ఎవరైనా వింటే నా ఉద్యోగం గోవిందా.”

“ముఖానికి రంగు పూసుకుంటే ఎవరూ గుర్తుపట్టరనేగా నీ ధైర్యం! ఇందాక సార్ బల్ల మీద నీ ఫైలు చూసి నాకే గుండె జారింది.”

“నా ఫైలా? గిటారుదా?”

“ఆఁ. బయట వాయించుకోవడానికి పర్మిషన్ ఇమ్మని 2001లో పెట్టావే, అదే.”

“ఏడేళ్లు దాని మీద కూర్చున్నాడు కదండీ మహానుభావుడు! ఇప్పుడేం ముంచుకొచ్చింది?”

“పోయిన వారమేగా ఆయనకి అండర్ సెక్రటరీగా ప్రమోషనొచ్చింది. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. అల్మారా ఖాళీ చేస్తున్నారు. నువ్వు మాత్రం ఏమీ ఒప్పుకోకు. అడిగితే మానేశానని చెప్పు.”

“మానేశానని…”

“చెప్పు! ఇంట్లో మీ అమ్మని తలుచుకుని చెప్పు. వెళ్లు వెళ్లు, బెల్లు కొడుతున్నారు.”

గది లోపల పద్మనాభం గారు, భరద్వాజ్.

“రావయ్యా భరద్వాజ్. కూర్చో. ఫర్వాలేదు, కూర్చో. టీ తాగుతావా?”

“వద్దు సార్.”

“ఈ ఫైలు గుర్తుందా?”

“గుర్తుంది సార్. అందులో నా జవాబులే అరవై పేజీలు.”

“అచ్ఛా. కోపంగా ఉన్నావు.”

“లేదు సార్.”

“ఉన్నావులే.”

“కోపం కాదు సార్. 2002లో మీరడిగారు, కరెంటుతో మోగేది సంగీత వాయిద్యం కిందికి వస్తుందా అని. మండీ హౌస్‌లో సంగీత అకాడమీ చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తెచ్చాను. 2003లో పాటలకి హిందీ అనువాదం అడిగారు, మూడు కాపీలు.”

“అడిగాను.”

“మాటల్లేవు సార్, వట్టి గిటారే అని రాశాను. అయితే ఆ లేని మాటల్లో ప్రభుత్వాన్ని విమర్శించేదేమీ లేదని హామీపత్రం ఇమ్మన్నారు!”

“ఇచ్చావుగా.”

“ఇచ్చాను. 2005లో జుట్టు పొడవు అడిగారు.”

“అంగుళాల్లో రాశావు. సెంటీమీటర్లలో కావాలని తిప్పి పంపాను.”

“ఈలోపు మా డ్రమ్మరు బ్యాంకులో చేరాడు సార్. కీబోర్డు వాయించేవాడు గుర్గావ్‌లో కాల్ సెంటర్‌కి పోయాడు. మళ్లీ కొత్తవాళ్లని వెతుక్కుని…”

“వెతుక్కుని?”

“…వెతుక్కోలేదు సార్. అంతటితో మానేశాను.”

“మానేశావా?”

“మానేశాను.”

“పూర్తిగా?”

“పూర్తిగా సార్.”

“ఠీక్ హై. నా పని తేలికైపోయింది. ఇదిగో కాగితం. గిటారు మానేశాను, ఇకముందు వాయించను, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను అని రాసి సంతకం పెట్టు. ఫైలు మూసేస్తాను.”

“ఇకముందు అని కూడా… రాయాలా సార్?”

“మానేసినవాడికి దాంతో పనేముంది?”

“అవును సార్.”

“రాయి మరి.”

“పెన్ను…”

“నీ జేబులోనే ఉంది.”

“సార్, ప్రస్తుతానికి వాయించను అని పెడితే?”

“కుదరదు.”

“ఆఫీసు రోజుల్లో వాయించను అని?”

“భరద్వాజ్!”

“రాయలేను సార్.”

“ఏం?”

“మా నాన్న పోతే ఆయన బదులు నాకీ ఉద్యోగం ఇచ్చారు. ఆయన బల్ల, ఆయన కుర్చీ, ఆయన టీ కప్పు కూడా. వారమంతా ఆయన్లాగే కూర్చుంటాను. ఆ గిటారు భుజాన తగిలించుకున్న రెండు గంటలే సార్ నేను నేనుగా ఉండేది. మానలేదు. ఒక్క వారం కూడా మానలేదు. నిన్న కూడా వాయించాను. ఏం చేస్తారో చేయండి.”

“తెలుసు.”

“ఆఁ?”

“మూడో పాటలో తీగ తెగింది. తెగినా నువ్వు ఆపలేదు.”

“మీరు… మీరొచ్చారా సార్?”

“మా ప్రీతి ఆ కాలేజీలోనే చదువుతోంది. నీ పోస్టరు దాని గది తలుపు మీద మూడేళ్లుగా ఉంది. ఆ నీలం ముఖం చూసి మా ఆవిడ ఏ దేవుడో అనుకుని వారం రోజులు అగరొత్తి చూపించింది.”

“అది నేనని ఎలా పట్టారు సార్?”

“వాయించే ముందు మెడ రెండు వైపులా విరుస్తావు. ఇక్కడ నోట్ రాసే ముందూ అంతేగా. అయినా దరఖాస్తు పెట్టినవాడు ఊరికే కూర్చుంటాడా? మొదట్నుంచీ తెలుసు.”

“తెలిసీ ఆ కాగితం నా ముందు పెట్టారా?”

“రాసేస్తావేమో చూద్దామని.”

“సార్, ఇదేం బాగాలేదు. అన్నీ తెలిసి ఏడేళ్లు నన్ను ఎందుకు తిప్పినట్టు? సెక్షన్‌లో అందరూ నవ్వుకున్నారు. ఒక్కసారి పైకి పంపేస్తే తేలిపోయేదిగా!”

“తేలిపోయేది. ఆ రోజే వద్దని రాసేవారు. వద్దన్నాక వాయిస్తే ఉద్యోగం పోయేది. ఫైలు నడుస్తున్నన్నాళ్లూ నిన్నెవరూ వద్దనలేదు కదయ్యా! అందుకే అది ఆగకుండా ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ వచ్చాను. సంతకం పెట్టే కుర్చీ నాదాకా రావడానికి ఏడేళ్లు పట్టింది. ఇదిగో, పొద్దున్నే పెట్టేశాను, తీసుకో. ఆ రెండో చెవి కూడా తుడుచుకో.”