రిలీవర్ రానిదే దిగను

"తాతా, మతి తప్పి మాట్లాడే పేషెంటుతో నర్స్ ఎలా ఉండాలి? రేపు వైవాలో అడుగుతారట."

నన్నడుగుతావేటే గుంటా, ఇంకెవుడూ దొరకనేదా? సరే, మంచి పనే సేసినావు. ఆ పేషెంటుని నానే కదా!

తుంటెముక ఆపరేషనైన నాలుగోరోజు... కాదు, మూడోరోజే. మధ్యాన్నం అన్నాల టైము. కళ్లు తెరిస్తే, ఓలమ్మో, నాను ఎనకటి నాగ స్టీలు ప్లాంటులో క్రేన్ నడుపుతా పైనున్నాను! కింద మీ నాన్నమ్మ జావగ్లాసట్టుకుని నిలబడింది. "హెల్మెట్ ఏదే? లోడు కింద నిలబడతావా, సచ్చిపోతావు, హట్!" అని అరిసీసినాను. యాభయ్యేళ్లు కాపరం సేసిన మనిషిని, అమ్మీ! డాక్టర్ సాబొస్తే ఈలేసి పక్కకి తప్పుకోమన్నాను. ఉజ్జోగంలో ఉన్నన్నాళ్లూ నా ఈలకి ఎవుడూ కదల్నేదు, ఆయన పాపం తప్పుకున్నాడు. వార్డంతా ఒకటే నవ్వు. మీ నాన్నమ్మొక్కర్తే ఏడిసింది.

అప్పుడున్న నర్సు దీదీ మంచిదే. "దాదాజీ, మీరు రిటైరైపోయారు, ఇది అస్పతాల్" అని పదిసార్లు సెప్పింది. నానింటానా? ప్లాంటులో మా క్రేనోళ్ల పద్ధతేటంటే, రిలీవరు, అదే తరవాతి షిఫ్టోడు, వొచ్చి ఎదురుగా నిలబడి చార్జి తీసుకుంటే గాని సీటు దిగకూడదు. లోడు ఏలాడతంటే మరీను. ఆవిడ పడుకోమన్నకొద్దీ నాకు బయం, కింద మనిషుందని. సెలైన్ గొట్టం లివరనుకుని లాగుతున్నాను. మంచం దిగితే కుట్లు తెగి మళ్లీ కోతే!

రెండింటికి ఇంకో నర్సమ్మొచ్చింది. ఈ ఊళ్లోనే భిలాయి-3 పేట పిల్ల, మన తెలుగే. వొచ్చీరాగానే నా కళ్లజోడు ఎట్టింది, సెవిమిషను ఎట్టింది, ఎదురుగా కుర్సీ ఏసుకుని కూకుంది. "బయమేస్తందా తాతగారూ?" అంది. అందాకా ఆ మాట ఎవుడూ అడగనేదే! ఏడుపొచ్చీసింది నాకు, సిగ్గునేకండా.

"రిలీవర్ రానేదమ్మా" అన్నాను.

"నా షిఫ్టు ఇప్పుడే మొదలైంది. ఏటి సూసుకోవాలో సెప్పండి."

"కింద ఆ ముసల్ది ఉంది సూడు, దానికేటీ అవకూడదు."

"అమ్మగార్ని నాను సూసుకుంటాను" అని, మీ నాన్నమ్మని తీసుకొచ్చి నా పక్కనే కూకోబెట్టి, సెయ్యి సేతిలో ఎట్టింది. అంతే, పడుకుండిపోయినాను. నిన్న బాగున్న మనిషి ఇయాల ఇలగైపోయాడేటని డాక్టరుకి సెప్పింది కూడా ఆ పిల్లే. సూస్తే ఉచ్చలో ఇన్ఫెక్షనంట. మందులిస్తే రెండ్రోజుల్లో మతి వొచ్చీసింది, ఉన్నదేదో అంత.

తరవాత అడిగినాను, "నాతో అబద్ధమాడినావు కదూ?" అని. "అబద్ధమేటి తాతగారూ, షిఫ్టు నాదే కదా!" అంది.

రిటైరై పద్నాలుగేళ్లు. దండలేసినారు, శాలువా కప్పినారు. సీటు మాత్రం ఆ మధ్యాన్నమే దిగినానే, అమ్మీ.

రాసుకున్నావా? రేపు నీ వార్డులోనూ నాలాటి ముసలోడు ఒకడు ఈలేస్తాడు. తిట్టకే తల్లీ... బయమేస్తందా అనడుగు. నూరేళ్లు సల్లగుండు.