మన గట్టు పాము

వాకాడు దగ్గర పొలం గట్టున రక్తపింజరిని పట్టి డబ్బాలో పెట్టింది, పాముల మీద పరిశోధన చేసే అమ్మాయి. పోయిన నాట్లప్పుడు ఆ పొలం రైతు హజరత్తయ్య భార్య వెంగమ్మను పాము కరిచింది ఈ గట్టునే. ఆయన డబ్బా వైపు చూడలేక చూస్తున్నాడు.

“ఆ పామును చంపి, గోతంలో ఏసుకోని ఆస్పత్రికి తీసకపోయినానమ్మా. రక్తపింజరే, దీనికి మందుందన్నారు డాక్టరు. భయం లేదులేమే అని వెంగమ్మకు చెప్పినా. నా మాట నమ్మి నవ్వింది కూడా.”

“మీరు ఆలస్యం చెయ్యలేదన్నా. వాళ్లిచ్చిందీ ఆ పాము మందే.”

“మరెట్ట పోయింది?”

“ఆ మందు ఎక్కడో వేరే చోటి రక్తపింజరుల విషంతో చేస్తారు. జాతి ఒకటే అయినా, చోటును బట్టి విషం మారుతుంది. ఇక్కడి విషానికి ఆ మందు చాల్లేదేమో. అది తేల్చడానికే దీన్ని తీసుకెళ్తున్నా.”

“తేలితే, మన గట్టు పాముకు మందొస్తాదా?”

“రావొచ్చన్నా. కానీ ఏళ్లు పడుతుంది.”

హజరత్తయ్య మడిలో వేసిన నారుకట్టల వైపు తిరిగాడు.

“నాట్లు రేపేనమ్మా. వాళ్లమ్మ దిగిన మడిలోకి నా కూతురు దిగతాది. భయం లేదని దానికెట్ట చెప్పేది?”