అన్న బొమ్మకు ఏ రంగు

నారిన్ పట్టణంలోని పనిగదిలో అతను అన్న ఎసెన్‌కుల్ బొమ్మను సబ్బునీళ్లతో తడిపిన ఉన్ని ఒత్తి చేస్తున్నాడు. యుద్ధానికి వెళ్లిన అన్న ముప్పై ఏళ్లయినా తిరిగిరాలేదు. భుజాల మీద ఎర్ర ఉన్ని పరుస్తుంటే వదిన వచ్చింది.

"ఎరుపెందుకయ్యా?"

"కుర్రవాడు పోతే గుడారం మీద ఎర్రజెండానే కదా వదినా కడతాం. వెళ్లేనాటికి అన్న కుర్రవాడే."

"అంటే వెళ్లిన ఏడే చచ్చిపోయాడని తేల్చేశావన్నమాట."

"సరే, తెలుపు వేస్తాను. ముసలివాళ్లకి కట్టేది అదేగా."

"ఇన్నేళ్లూ ఎక్కడో బతికుండి, నా దగ్గరికి రాలేదంటావా?"

"పోనీ నలుపు?"

"నడివయసులో పోయాడంటావు. అందాకా ఎవతె వండి పెట్టిందట?"

అతను చేతిలోని ఉన్ని పక్కన పెట్టాడు. రంగు ఎంచుతున్నాననుకున్నాడు గానీ, అన్నని ఎప్పుడు చంపాలో ఎంచుతున్నానని అనుకోలేదు.

"అసలు బొమ్మే వద్దులే వదినా."

"వద్దంటే నేను దేన్ని పట్టుకుని ఏడవాలి?"

"మరి నువ్వే చెప్పు."

ఆమె ఎర్ర ఉన్నిని పీకబోయి, అలాగే చెయ్యి ఆనించి ఉండిపోయింది.

"ఎరుపే ఉండనీ," అంది. "అప్పుడైతే నా మొగుడుగానే పోయాడు. ఆ సబ్బునీళ్లు ఇటు జరుపు, నేనూ ఒత్తుతాను."