గురవమ్మ పాడె దింపించిన కథ

గురవమ్మని ఒకామె, నోరుగలది. మొగుడు పోలయ్య బావులు తవ్వేవోడు. ఒకనాడు తవ్వతా ఉంటే గట్టు కూలి సచ్చిపోయాడంట. పిల్లాజెల్లా లేరు. సరే, పాడె కట్టారు, ఎత్తారు. ఇంతలో ఏమైందంటే, ఆ ఊరేలే రాజు అప్పుడే ఒక సట్టం పెట్టున్నాడు. ఇంటికాడ ఎత్తిన పీనుగని కాట్లోనే దించాల, దోవలో దించితే కొరడా దెబ్బలు. ఎందుకంట? అది ఆయన గుర్రమెక్కి పోయే దోవంట, అపశకునమంట! బతికున్నోళ్లకి పెట్టిన సట్టాలు చాలవూ, సచ్చినోళ్లకి గూడానా? మనకి దింపుడుకళ్ళం ఉంది గదా. సగం దోవలో పాడె దించి, అయినోళ్లు చెవిలో మూడుసార్లు పేరెట్టి పిలవాల. ప్రాణం ఏ మూలన్నా ఉంటే లేస్తాడేమోనని ఆశ. ఆడోళ్లు ఆడదాకానే పోతారు, కాటికి పోరు. దించకపోతే గురవమ్మకి ఆకరి సూపూ లేదు, పిలుపూ లేదు.

దించండ్రా అన్నదంట. మరిదేమో, వద్దు వదినా, ఈపులు చిట్లగొడతారన్నాడు. "అయితే నన్ను దాటిపోండి" అని దోవకడ్డంగా పడుకున్నది. మనిషిని దాటతారా ఎక్కడన్నా? దించారు. తలారి ఎగురుకుంటా వచ్చి, ఎత్తండ్రా అని కేకలు. "నువ్వెత్తుకో నాయనా, మైల తీరిందాకా కోట గడప తొక్కేది లేదు మరి" అన్నది గురవమ్మ. పాడె మోస్తే మైలే గదా! రాజేమో శకునాల పిచ్చోడు. తలారి తన మనుషుల వంక చూశాడు, వాళ్లప్పటికే ఎనక్కి ఎనక్కి పోతన్నారు. కొరడా తియ్యమంటావా అన్నాడు. "తియ్యి. పిలిచినాక కొట్టు. నా ఈపు యాడికీ పోదు, ఆయన పోతన్నాడు."

పెళ్లయినకాడ్నించి మొగుడి పేరు నోట పలకని మనిషి, చెవికాడ వంగి "పోలయ్యా" అన్నది. లేవలా. "పోలయ్యా, కూడు వండానయ్యా" అన్నది. లేవలా. మూడోసారి అరిచిందనుకో, కోట బురుజు మీద కావలోడికి వినబడ్డదంట. లేవలా. అప్పుడేడ్చింది తల్లి, అందాకా కంట నీళ్లు రాలా. ఏడ్చి, లేచి, కొంగు బిగించి, "ఇప్పుడు సచ్చాడు, ఎత్తుకోండి" అని తలారి ముందర ఈపు తిప్పి నిలబడ్డది. కొట్టాడా? కొట్టలా. కొరడా చంకలో బెట్టుకుని ఎళ్లిపోయాడు.

ఆనాటి నుంచి ఆ దోవలో పాడెలన్నీ దిగతానే ఉన్నాయి. రాజు సట్టం రాజుకాడే ఉంది. ఆయన గూడా ఒకనాడు సచ్చాడులే, ఎవరు మిగిలారు గనక! ఆయన్నీ ఆడే దించారు. మరి చెవిలో పిలవాల గదా? కొడుకు మంత్రిని చూశాడు, మంత్రి తలారిని చూశాడు. ఒక్కడు నోరిప్పితే ఒట్టు. ఎట్టా పిలుస్తారబ్బా, లేస్తేనో?