యాభై గ్రాముల రాయి

యాకుత్‌పురాలో కోవా అమ్మే ప్రేమ్‌రాజ్‌కు నాలుగు రోజుల కింద నెలలు నిండకుండానే కూతురు పుట్టింది. ఆసుపత్రిలో పాపను ఉంచిన అద్దాల గది ముందు అతను నిలబడి ఉండగా నర్సు బయటికొచ్చింది.

“సిస్టర్, పాపను జోకిన్రా? ఇయ్యాల ఎంతుంది?”

“జోకినం. ఎనిమిది వందల అరవై గ్రాములు.”

“నిన్న తొమ్మిది వందలుండె గదా! నలభై తగ్గింది. నా కాంటకు యాభై గ్రాముల కన్నా చిన్న రాయే లేదు సిస్టర్. నలభై అంటే కొసరని ఊకనే ఏసిస్త.”

“పాపకు ఒక్కొక్క గ్రాము లెక్కనే అన్నా.”

“మందిచ్చిన్రా?”

“ఐదు మిల్లీగ్రాములిచ్చినం.”

“మిల్లీగ్రామంటే ఎంత?”

“ఒక గ్రామును వెయ్యి ముక్కలు చేస్తే అండ్ల ఒక ముక్క.”

“కిలోను వెయ్యి చేస్తే గ్రాము. దాన్ని మల్ల వెయ్యి చేస్తే గిది. గంత చిన్నది నా బిడ్డ పానాన్ని పట్టుకుంటదా?”

నర్సు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“పట్టుకోలేదన్నా. ఊపిరి అందుతలేదు. పాప తల్లిని పిలువు, పాపను ఒళ్లో పెట్టుకోనియ్యి.”

“పిలుస్త. మల్ల ఎప్పుడు జోకుతరు?”

“ఇగ జోకేది లేదన్నా.”