ఢిల్లీ కత్తెరకు చెయ్యి అడ్డం పెట్టిన వజీర్

"నేనేం పెద్ద పని చెయ్యలేదు భాయ్. ఒక్క కార్డు రాసిన. పదిహేను పైసల పోస్టుకార్డు. గంతే."

వజీర్ ఇలా చేతులు దులుపుకున్నాడంటే కథ రెండు చాయ్‌ల పొడుగైనా ఉంటుందని గంగారాంకు తెలుసు. ఎల్లారెడ్డి బస్టాండు ముందు చాయ్ హోటల్ నడిపే మనిషికి ఆ మాత్రం తెలియదా! ఎవరూ అడగకుండానే పాలు పొయ్యి మీద పెట్టాడు. బయట వాన పట్టి విడుస్తోంది. బల్ల మీద ఎంకయ్య యూరియా బస్తా కాళ్ళ మధ్య నిలబెట్టుకుని తన ఊరి బస్సు కోసం కూర్చున్నాడు. ఆ చివర నాగవ్వ. ఆమె ఒళ్ళో చాట, చాటలో చుట్టిన బీడీల కట్టలు, తడవకుండా పైన ప్లాస్టిక్ కాగితం. బీడీ కార్ఖానాలో సరుకు తీసుకునేది నాలుగింటికి. అందాక ఆమెకు పనిలేదు, ఒక్క సంగతి తేల్చుకోవడం తప్ప.

ఆ సంగతి ఇది. వజీర్ యూనిట్ల ఏజెంటు. బొంబాయిలో ఒక కంపెనీ ఉంది. జనం దగ్గర వెయ్యీ రెండు వేలూ తీసుకుని, అన్నీ కలిపి షేర్లు కొని, లాభం వస్తే పంచుతుంది. ఆ వాటాల పేరే యూనిట్లు. ఎల్లారెడ్డిలో ఇరవై రెండు మంది బీడీల ఆడవాళ్ళ చేత వజీర్ వాటిని కొనిపించాడు. వాళ్ళ ఇండ్లకు నంబర్లు లేవు, ఉత్తరం వస్తే చదివిపెట్టేవాళ్ళు లేరు. అందుకని అన్ని ఫారాల మీదా ఒకటే చిరునామా రాయించాడు: కేరాఫ్ వజీర్. కంపెనీ ఆ ఆడవాళ్ళకు ఏం రాసినా అది ఆయన గడపకే వస్తుంది.

నాగవ్వ వచ్చీ రాగానే అడిగింది. "అన్నా, కంపెనీ కోత పెంచుతున్నదట గదా. కామారెడ్డిల మా చెల్లె చెప్పింది. నా ఐదు వేలు ఉంచాల్నా, తియ్యాల్నా? తంబాకుతోని ఛాతి పాడైంది. ఈ బీడీలు ఇడిచిపెట్టి బర్రెను కొనుక్కుందామని చూసి పెట్టుకున్న."

దానికి జవాబు ఉంచు అనో తియ్యి అనో రావాలి. వజీర్ నోట కార్డు వచ్చింది.

"ముందుగాల ఆ కోత ఏందో సమజ్ చేసుకోండ్రి. ఈ ఏడు ఢిల్లీ సర్కారు షేర్ల దలాల్ల మీద కొత్త పన్ను ఏసింది. దలాలీ నూరు రూపాలైతే దాని మీద ఐదు పన్ను. దలాలు తన ఇంట్లకెళ్ళి ఇస్తడా? ఇయ్యడు. కంపెనీ మీద ఏసిండు. కంపెనీ తన ఇంట్లకెళ్ళి ఇస్తదా? ఇయ్యది. ఖర్చులు పెరిగినయని నాగవ్వ మీద ఏసింది."

"మరి నేనెవరి మీద ఎయ్యాలె?" అంది నాగవ్వ.

"గదే! గదే రాసిన కార్డు మీద! మా నాగవ్వ ఎవరి మీద ఎయ్యాలె, జవాబు చెప్పుండ్రి, అని. ఒక్కటే ముక్క."

"ఆమె గిప్పుడే గదా అన్నది," అన్నాడు ఎంకయ్య. "నువ్వు అప్పుడే ఎట్ల రాసినవ్?"

"అనబోతదని నాకెరుక లేదా? ఆ తర్వాత ఏమైందో తెల్సా? కార్డు డబ్బల ఏసి ఇంటికొచ్చి చెప్పులు ఇడుస్తున్న, ఒక్క చెప్పు ఇడిసిన, రెండోది ఇంక కాలికే ఉన్నది, ఇంటి ముంగట జీపు. కంపెనీ జీపు."

"డబ్బల కార్డు డబ్బలనే ఉన్నది గదా ఇంక!"

"గా కార్డుల బలం గట్లాంటిది గంగారాం. నడుమల అడ్డం రాకు. ఎక్కిచ్చుకున్నరు, హైదరాబాద్ తీసుకపోయిండ్రు. ఏడంతస్తుల ఆఫీసు. లిఫ్టుల నన్ను ఒక్కణ్ణే ఎక్కిచ్చి, ఆఫీసర్లందరు మెట్ల మీదికెళ్ళి ఉరికొచ్చిండ్రు. పైన మేనేజరు నా కార్డు చదివిండు. చదివి ఏడ్సిండు. టై తోని కండ్లు తుడుసుకున్నడు. నౌకరు వచ్చి ఆ టై పిండితే లోటెడు నీళ్ళు. 'వజీర్ సాబ్, నా చేతుల ఏం లేదు, బొంబాయి పోవాలె మీరు' అన్నడు. ఎట్ల పోవాలె? ఇమానంల."

"ఇమానంల!" అన్నాడు గంగారాం, చాయ్ వడగడుతూ.

"పైలట్ భుజం మీద చెయ్యేసి చెప్పిన, కామారెడ్డి మీదికెళ్ళి పోనియ్ బేటా అని."

"బొంబాయి పోయే ఇమానం కామారెడ్డి మీదికెళ్ళి ఎందుకు పోతది వయ్యా?"

"లోపల నేనున్న గదా! భిక్నూర్ మీదికి రాంగనే ఢాబాల పొగ కిటికీలకెళ్ళి లోపటికి కొట్టింది. ఆ వాసనకు పైలట్‌కు ఆకలైంది, దించుతా అంటడు. వద్దు బేటా, డ్యూటీ ముందు అన్న."

"ఇమానం కిటికీలు తెరిచి ఉంటయా?"

"నా సీటుది తెరిచిండ్రు. అందుల నుంచి తొంగి చూస్తే ఎల్లారెడ్డి గూడ కనబడ్డది. బస్టాండు కనబడ్డది, నీ హోటల్ రేకులు కనబడ్డయి. మా ఇల్లు కనబడ్డది. పైకెళ్ళి చూస్తే అగ్గిపెట్టంత ఉన్నది. ఎవరన్న వచ్చి తలుపు కొడుతున్నరేమో అని చూసిన."

"కొట్టిండ్రా?"

వజీర్ చాయ్ గ్లాసును బల్ల మీద ఒక చుట్టు తిప్పాడు. "గప్పుడే మబ్బు అడ్డమొచ్చింది," అన్నాడు.

ఎంకయ్య నవ్వబోయి ఎందుకో ఆగాడు. వజీర్ ఆగలేదు.

"బొంబాయిల షేర్ల బజారు. అల్లా కసం, పిట్లం అంగడిల ఎడ్ల బేరం దాని ముందట ఎంతో నిమ్మళం. వెయ్యి మంది దలాలు ఒక్కపారే ఒర్రుతున్నరు. నేను నడుమల నిలబడ్డ. నాగవ్వ చుట్టిన బీడీ జేబుల నుంచి తీసిన, ముట్టిచ్చిన, ఒక్క దమ్ము గుంజిన. అంతే. చప్పుడు బంద్. ఆ పొగ పైకి పోయి కప్పుకు తాకేదాంక దేశంల ఒక్క షేరు కదల్లే. గప్పుడు అడిగిన: మీ మీద పడ్డ పన్ను మా నాగవ్వ మీద ఏస్తరా? ఒక్కడు తల ఎత్తలే. ఒక ముసలి దలాలు మాత్రం చెవిల చెప్పిండు: 'సాబ్, కోసేది మేం కాదు, కత్తెర ఢిల్లీల ఉన్నది' అని."

"ఇగ ఢిల్లీ గూడ పోయినవన్నమాట."

"పోకుంటే ఎట్ల? ఢిల్లీల ఒక హాలు ఉన్నది ఎంకన్నా. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఎంత దూరమో అంత పొడుగు. దేశంల పుట్టిన ప్రతి రూపాయి ఆడికి రావాలె, కత్తెర కింద పడాలె, మూల కోయించుకుని పోవాలె. కత్తెర అంటే దర్జీ కత్తెర అనుకునేరు. ఒక్కొక్క రెక్క రైలు పట్టంత. మూసుకుంటే ఉరిమినట్టు చప్పుడు. మొన్న ఇక్కడ ఉరిమింది చూడు, అది ఉరుము కాదు. నేను ఆడ కూసున్న. నాగవ్వ రూపాయి వచ్చేదాంక కదలనన్న. ఏడు దినాలు, తిండి లేదు, నిద్ర లేదు."

"కోట్ల రూపాయలల్ల నాగవ్వ రూపాయిని ఎట్ల గుర్తుపట్టినవ్?" ఈసారి గంగారాం నిజంగానే అడిగాడు.

"వాసన. తంబాకు వాసన."

నాగవ్వ తన వేళ్ళు చూసుకుంది. ఎన్నిసార్లు కడిగినా పోని గోధుమరంగు.

"దూరం నుంచే వాసనొచ్చింది. అగో, మా ఎల్లారెడ్డి రూపాయి అనుకున్న. వచ్చింది, కత్తెర కిందికి పోయింది, కత్తెర మూసుకుంటున్నది. చెయ్యి అడ్డం పెట్టిన. ఫటేల్మని ఇరిగింది."

"చెయ్యా?"

"కత్తెర! నాకు గోరు జెర కోసింది. మొత్తం ఢిల్లీ చప్పుడు లేకుంట అయిపోయింది. పెద్దాఫీసరు ఉరికొచ్చి నా కాళ్ళు పట్టుకున్నడు. 'ఈడనే ఉండిపో వజీర్ సాబ్, బంగ్లా ఇస్తం, పదహారు మంది నౌకర్లను ఇస్తం' అన్నడు. వండెటందుకు ఒకడు, తలుపు తీసెటందుకు ఒకడు. పొద్దుగూకినంక కూసుని ముచ్చట పెట్టెటందుకే నలుగురట! నేను వద్దన్న. మా ఊరోళ్ళ ఉత్తరాలు ఎవరు చదువుతరు అన్న. వాపస్ వచ్చిన. కాబట్టి నాగవ్వా, నువ్వు బేఫికర్. కోత లేదు, ఏం లేదు. పైసలు ఆడనే ఉండనియ్."

గంగారాం చప్పట్లు కొట్టాడు. ఎంకయ్య బస్సు వచ్చి వెళ్ళిపోయి అప్పటికి చాలాసేపైంది.

నాగవ్వ చాట పక్కన పెట్టింది. "ఇదంత ఎన్ని దినాలు పట్టిందన్నా?"

"పోను రాను ఇరవై దినాలు."

"ఏ ఇరవై దినాలు?"

"పోయిన నెల అమాస నుంచి అనుకో."

"ఆ ఇరవై దినాలల్ల నీ ఇంటి ఎదురుంగ మా అరుగు మీద కూసుని నేను ఇరవై వేల బీడీలు చుట్టిన. తల ఎత్తినప్పుడల్ల నువ్వు కనబడ్డవ్. గడప మీద కూసుని తొవ్వ దిక్కు చూస్తున్నవ్. పోస్టుమాన్ వచ్చిండు ఒకనాడు. ఒక్కపారే అన్ని ఉత్తరాలు. చాయ్ తాగిపో అని ఆయన చెయ్యి పట్టుకున్నవ్ నువ్వు, ఆయన గుంజుకుని పోయిండు. ఇంటామె అజ్మత్ వదినె పోయినంక ఈ మనిషికి మాట్లాడెటోళ్ళు లేరు, మాట్లాడుకోనియ్ అని నేను ఊకున్న. ఢిల్లీ పో, చందమామ మీదికి పో, నాకేం? కాని అన్నా, ఆ ఉత్తరాలల్ల ఏమున్నది?"

పాలు పొంగబోతుంటే గంగారాం స్టవ్ మంట తగ్గించాడు. హోటల్లో ఆ బుస్సుమనే చప్పుడూ తగ్గిపోయింది.

వజీర్ షేర్వాణీ లోపలి జేబులోంచి ఒక కవరు తీశాడు. మడత దగ్గర చినిగిపోవడానికి సిద్ధంగా ఉంది. చాలా రోజులుగా జేబులో తిరుగుతున్న కాగితం. నాగవ్వదే.

"ఖర్చుల కింద పట్టుకునేది పెంచుతున్నరు," అన్నాడు. గొంతు చిన్నదైంది. "వద్దనుకునేటోళ్ళు ఈ ముప్పై తారీకు లోపట హైదరాబాద్ ఆఫీసుల ఫారం ఇస్తే కోత లేకుంట పైసలు వాపస్ ఇస్తరు. దాటితే నూటికి మూడు కోసి ఇస్తరు."

"ముప్పై ఎల్లుండే గదా!" అన్నాడు ఎంకయ్య.

"నెల దినాల నుంచి జేబుల పెట్టుకున్నవా?" అంది నాగవ్వ.

"చెప్తామనే పెట్టుకున్న. పొద్దున లేస్తే చెప్తామనుకుంట. చెప్తే అందరు తీసుకుంటరు. తీసుకుంటే ఇగ ఉత్తరాలు రావు. ఉత్తరం రాకుంటే మా ఇంటికి ఎవరొస్తరు నాగవ్వా?"

అక్కడున్న మగవాళ్ళు తలలు వంచుకున్నారు. నాగవ్వ వంచుకోలేదు.

"నూటికి మూడంటే నాకు నూటయాభై రూపాలు. అంటే ఏడు వేల బీడీలు. నీకు ఇల్లు గోస అనిపిస్తున్నదని నేను వారం దినాలు దగ్గుకుంట చుట్టాల్నా? ఢిల్లీది ఒక కోత. కంపెనీది ఒక కోత. వాళ్ళకు నేనెవరో తెల్వది, కోసిండ్రు. నీకు తెల్సు గదన్నా! ఉత్తరం లేకుంటే మేం ఊకె రామా మీ ఇంటికి?"

"రావొచ్చు," అన్నాడు వజీర్. "రెండేండ్లాయె. ఎవ్వరు రాలే గదా."

రెండిళ్ళ నడుమ ఉన్నది పది అడుగుల బాట. ఆ బాటకు ఇవతల కూర్చుని నాగవ్వ రెండేళ్ళుగా బీడీలు చుడుతోంది. ఆమె లేచి చాట నెత్తిన పెట్టుకుంది.

"పోస్టుల ఏస్తే ఇగ అందయి. నువ్వే హైదరాబాద్ పోవాలె."

"నేను కామారెడ్డి స్టేషన్ దాటి ఎన్నడు పోలేదు నాగవ్వా."

ఈ మాటకు ఎవరూ నవ్వలేదు.

"పోతవ్. ముందుగాల ఇంటికి పోయి ఉత్తరాలు, ఫారాలు తీసుకరా. అందరం ఇప్పుడు కార్ఖానా కాడ లైన్ల ఉంటం. ఎవరి ఉత్తరం వాళ్ళకు చదివి చెప్పు. తీసేటోళ్ళు తీస్తరు, ఉంచేటోళ్ళు ఉంచుతరు. చదువుడు నీ పని, సోచాయించుడు మా పని."

నాలుగింటికి కార్ఖానా ముందు, చాటలు పట్టుకున్న ఆడవాళ్ళ వరస పక్కన నిలబడి, వజీర్ ఇరవై రెండు ఉత్తరాలు చదివాడు. అందులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట కలపకుండా. అన్నీ ఒకటే ఉత్తరాలు, పేర్లే వేరు. అయినా ఒక్కొక్కరికీ మొదటినుంచీ చదివాడు. సాలవ్వ నోటికొచ్చినట్టు తిట్టింది. చాంద్ బీ మొహం తిప్పుకుని వేలు చాపింది. కార్ఖానా గుమాస్తా దగ్గర సిరా అడిగి పదిహేడు మంది వేలిముద్రలు వేశారు. ఐదుగురు ఉంచుతామన్నారు. నాగవ్వ ముద్ర అందరికంటే ముందు పడింది. కామారెడ్డి బస్సుకు, ఆపైన పట్నం బస్సుకు అయ్యే ఖర్చు ఎవరిస్తారని ఎవరూ అడగలేదు. వజీరూ అడగలేదు.

సాయంత్రం బస్సు కదిలింది. ఫారాల సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు టికెట్లు కోస్తూ వచ్చాడు.

"ఎందాక చాచా?"

"కామారెడ్డి. ఆడికెళ్ళి హైదరాబాద్."

"ఓహో, పట్నం! ఆడ ఎవరున్నరు?"

ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పక్క సీటులో ముసలామె కూడా చెవి ఇటు వేసింది. వజీర్ గొంతు సవరించుకున్నాడు.

"ఎవ్వరు లేరు బేటా," అన్నాడు. "తొవ్వ గూడ తెల్వది. దిగినంక ఎవరినన్న అడుగుత."